రెండున్నర లక్షల గీత దగ్గర రోగి ఆగిపోకూడదు

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు అధికారులకు, బీమా కంపెనీలతో ఒప్పందం చూసే ఆర్థిక శాఖ వారికి

నమస్కారం.

2025 సెప్టెంబరు 4న మంత్రివర్గం సార్వత్రిక ఆరోగ్య విధానానికి ఆమోదం తెలిపింది. రాష్ట్రంలోని 1.63 కోట్ల కుటుంబాలకు 2.5 లక్షల రూపాయల వరకు వైద్యం ఖర్చు బీమా కంపెనీ భరిస్తుందని, వాటిలో 1.43 కోట్ల పేద కుటుంబాలకు ఆ పైన 25 లక్షల వరకు ట్రస్టు భరిస్తుందని అప్పుడు చెప్పారు. 2,493 నెట్‌వర్క్ ఆసుపత్రులు, 3,257 చికిత్సలు, 6 గంటల్లో అనుమతి అన్నారు. ఈ ఉత్తరం ఆ విధానం మంచిదా చెడ్డదా అని తేల్చడానికి రాయడం లేదు. క్లెయిముల డెస్కుల్లో, కేసుల పరిశీలనలో, ఆసుపత్రుల లెక్కల్లో పని తెలిసినవాళ్లం కలిసి రాస్తున్నాం. ఒప్పందం ఏ దశలో ఉన్నా సరే, కింద చెప్పిన షరతులు అందులో ఉండాలి. ఇప్పటికే ఉంటే వాటిని జనం ముందు పెట్టండి.

సర్కారు వైద్యం మేలా, బీమా మేలా అన్న వాదన టీవీల్లోనూ రచ్చబండల దగ్గరా ఒక్క ప్రశ్నలా సాగుతోంది. నిజానికి అందులో మూడు వేర్వేరు పనులు కలిసిపోయాయి. డబ్బు సమకూర్చడం ఒకటి. ఆ డబ్బు దగ్గర పెట్టుకుని ఏ కేసుకు ఇవ్వాలో, ఏ కేసుకు ఇవ్వకూడదో తేల్చడం రెండోది. వైద్యం చేయడం మూడోది. ప్రభుత్వ ట్రస్టే నేరుగా ఆసుపత్రికి చెల్లించే ట్రస్టు పద్ధతిలోనైనా, ప్రీమియం కట్టి కంపెనీతో చెల్లింపజేసే బీమా పద్ధతిలోనైనా డబ్బు వచ్చేది ఖజానా నుంచే. వైద్యం జరిగేది అవే పెద్దాసుపత్రుల్లో, అవే ప్రైవేటు ఆసుపత్రుల్లో. మారేది నడిమి పని మాత్రమే, అంటే ఫైలు మీద సంతకం పెట్టే చెయ్యి. ఈ ఒక్క మార్పు మీద ఎన్ని ఆశలు పెట్టుకోవచ్చో, ఎన్ని భయాలు ఉండాలో తూకం వేసుకోవాలంటే మన రాష్ట్రానికే ఉన్న అనుభవం చాలు.

ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలుస్తున్న ఆరోగ్యశ్రీ మొదలైంది బీమాతోనే. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరంభమైనప్పుడు నడిపింది స్టార్ హెల్త్ కంపెనీ. కుటుంబానికి 1.5 లక్షలు, అవసరమైతే మరో 50 వేలు. 2008 జులైలో రెండో విడత చికిత్సలు చేర్చినప్పుడు వాటిని ట్రస్టే నేరుగా చూసుకుంది. తర్వాతి ఏళ్లలో మొత్తం ట్రస్టు చేతికి వచ్చింది. కేరళ కూడా తన పథకాన్ని 2019లో ప్రైవేటు బీమా కంపెనీతో మొదలుపెట్టి, 2020 జులై నుంచి సొంత ఏజెన్సీకి మార్చుకుంది. తమిళనాడు ఇంకో దారిలో నడిచింది. అక్కడ ఏళ్ల తరబడి బీమా పద్ధతే, కానీ కంపెనీ ప్రభుత్వ రంగ యునైటెడ్ ఇండియా. మందుల సరఫరాకు 1990ల నుంచీ గట్టి కార్పొరేషన్ ఉంది. బీమా ఉన్నచోటల్లా చెడిపోలేదు, ట్రస్టు ఉన్నచోటల్లా బాగుపడలేదు. ఒప్పందంలో ఏం రాశారు, ప్రభుత్వాసుపత్రిని ఎలా నిలబెట్టారు అన్నవే తేడా తెచ్చాయి.

ఇక గీత సంగతి. 2.5 లక్షలకు లోపల కంపెనీ, పైన ట్రస్టు అన్నారు. ఒక్కో చికిత్సకు ముందే కట్టిన ధరల్లో, అంటే ప్యాకేజీల్లో అత్యధికం 2.5 లక్షల లోపువే కాబట్టి, పేరుకు హైబ్రిడ్ అయినా రోజువారీ నిర్ణయాలన్నీ కంపెనీ బల్ల మీదే జరుగుతాయి. అసలు చిక్కు గీత దాటే కేసుల్లో వస్తుంది. డయాలసిస్ లెక్క చూడండి. వారానికి 3 సార్లు చొప్పున ఏడాదికి 156 సెషన్లు. సెషన్‌కు 1,500 రూపాయలు అనుకుంటే 2,34,000. అంటే ఒక్క మనిషి డయాలసిస్‌తోనే కుటుంబం వాటా దాదాపు అయిపోతుంది. పదకొండో నెలలో డయాలసిస్ కోసం చేతికి చేసిన రక్తనాళాల జోడింపు (ఫిస్టులా) మూసుకుపోయి మళ్లీ చేయాల్సి వచ్చినా, ఇంట్లో ఆవిడకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ పడినా గీత దాటుతుంది. ఆ కేసు ఎవరిది? సగం డబ్బు కంపెనీదీ సగం ట్రస్టుదీ అయితే అనుమతి ఇచ్చేదెవరు? ఒకరు ఔనని, ఇంకొకరు కాదంటే ఆసుపత్రి ఏం చేయాలి?

ఈ ప్రశ్నలకు జవాబు లేకపోతే ఏం జరుగుతుందో తెలిసిందే. ఆసుపత్రి ఎవరి అనుమతి సులువుగా వస్తుందో చూసుకుని కేసును అటు మలుస్తుంది. ఒకే సర్జరీని రెండు అడ్మిషన్లుగా విడగొడుతుంది, లేదా చిన్న ప్యాకేజీని పెద్దదిగా చూపుతుంది. కంపెనీ అయితే గీతకు దగ్గరపడ్డ కేసుల మీద ప్రశ్నలు వేస్తూ ఏడాది ముగిసేదాకా నెట్టుకొస్తుంది. ఈ లాగులాటలో రోగికి వినిపించేది ఒక్కటే మాట, "ఇంకా అప్రూవల్ రాలేదు."

అందుకే ఒప్పందంలో ఇలా రాయమంటున్నాం. 2.5 లక్షలు ఒక్కో క్లెయిముకా, కుటుంబానికి ఏడాది మొత్తానికా అన్నది మొదటి పేజీలోనే తేటగా ఉండాలి. అడ్మిషన్ మొదలైన నిమిషానికి ఎవరి పరిధిలో ఉంటే వారే డిశ్చార్జి దాకా అనుమతులన్నీ ఇవ్వాలి. కంపెనీ, ట్రస్టు లెక్కలు తర్వాత తమలో తాము సర్దుకోవాలి. ఆసుపత్రి ఒకే చోట కేసు పెట్టాలి, ఒకే చోట నుంచి డబ్బు అందుకోవాలి. డయాలసిస్, కీమోథెరపీ, రేడియేషన్ లాగా ఏడాదంతా సాగే వాటిని మొదటి రోజు నుంచే ట్రస్టు పరిధిలో పెట్టడం ఇంకా మేలు. అవి ఎటూ గీత దగ్గరికి చేరేవో, దాటేవో. మధ్యలో చేతులు మారితే కీమో సైకిల్ తప్పుతుంది, 21 రోజులకు ఒకసారి పడాల్సిన మందు 35 రోజులకు పడుతుంది.

6 గంటల అనుమతి మాట దగ్గర మా అభ్యంతరం సూటిగా చెబుతాం. బీమా నియంత్రణ సంస్థ 2024 మే నెలలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, సొంత డబ్బుతో పాలసీ కొన్నవారి క్యాష్‌లెస్ అభ్యర్థన మీద కంపెనీ 1 గంటలో తేల్చాలి. డిశ్చార్జి వేళ తుది అనుమతి 3 గంటల్లో ఇవ్వాలి. రేపు మీ టెండర్‌లో నిలిచే కంపెనీలు కూడా అదే నియంత్రణ కింద పనిచేసేవే. పాలసీ కొన్నవారికి గంటలో చేయగలిగిన పని బియ్యం కార్డు ఉన్నవారికి 6 గంటలు ఎందుకు పట్టాలి? పైగా ఆ 6 గంటల గడియారం ఎక్కడ ఆగుతుందో చూడాలి. అయిదున్నర గంటలకు ఒక క్వెరీ, అంటే ఆసుపత్రికి ఒక సందేహం వేస్తే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. యాంజియో సీడీ తెరుచుకోవడం లేదని ఒకటి, ఎక్స్‌రే మీద పేరు కనబడటం లేదని ఇంకొకటి, ఆధార్‌లో ఇంటిపేరుకు కార్డులో ఇంటిపేరుకు ఒక అక్షరం తేడా ఉందని మరొకటి. ఒక్కొక్కటే విడివిడిగా అడిగితే రెండు రోజులు ఇట్టే గడిచిపోతాయి. కాగితం మీద మాత్రం 6 గంటలు దాటినట్టు ఎక్కడా ఉండదు.

దీనికి విరుగుడు కష్టం కాదు. ఒక కేసుకు ఒకే క్వెరీ, అడగాల్సినవన్నీ అందులోనే ఉండాలి. క్వెరీ వేసినా గడియారం సున్నాకు వెళ్లకూడదు, జవాబు వచ్చేదాకా ఆగి అక్కడి నుంచే సాగాలి. గడువు దాటితే అనుమతి ఇచ్చినట్టే లెక్క. అత్యవసర కేసులకు ముందస్తు అనుమతి ఊసే ఉండకూడదు, ఫోనులో చెప్పి చికిత్స మొదలుపెట్టి కాగితాలు తర్వాత పెట్టే పద్ధతి ఆరోగ్యశ్రీలో ఉన్నదే, దాన్ని అలాగే నిలపాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒకసారి అనుమతి ఇచ్చాక, మోసం రుజువైతే తప్ప, "ఈ చికిత్స అవసరం లేదు" అని క్లెయిము దశలో కొట్టేయకూడదు. ఆసుపత్రులు రోగి దగ్గర డిపాజిట్ అడగడానికి పెద్ద కారణం ఈ భయమే. చేతిలో అనుమతి ఉన్నా డబ్బు వస్తుందన్న నమ్మకం లేకపోతే, ఆ అనుమానం ఖరీదు రోగి జేబులోంచి పోతుంది. "ఈ స్కాన్ ప్యాకేజీలో రాదు", "ఈ స్క్రూ మంచి కంపెనీది కావాలంటే తేడా కట్టాలి" అన్న మాటలు అక్కడి నుంచి పుట్టినవే.

గుండెపోటు కేసుల్లో ఒక వైద్యపరమైన మెలిక ఉంది, దాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. మన రాష్ట్రంలో స్టెమీ (గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయే గుండెపోటు) కార్యక్రమం కింద ఏరియా ఆసుపత్రి స్థాయిలోనే రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తున్నారు. బయట కొంటే 40 వేల పైమాటే. ప్రభుత్వ వైద్యం ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు. ఇంజెక్షన్ పనిచేస్తే గడ్డ కరుగుతుంది, నొప్పి తగ్గుతుంది, ఈసీజీ చాలావరకు సర్దుకుంటుంది. ఆ తర్వాత 3 నుంచి 24 గంటల లోపు పెద్దాసుపత్రిలో యాంజియోగ్రామ్ చేసి, అవసరమైతే స్టెంట్ వేయాలి. అక్కడ తీసిన ఈసీజీ ఒక్కటే చూసే పరిశీలకుడు "నొప్పి లేదు, మార్పులు పెద్దగా లేవు, స్టెంట్ ఎందుకు" అని అడుగుతాడు. ఇంజెక్షన్‌కు ముందు తీసిన మొదటి ఈసీజీ, ఇంజెక్షన్ వేసిన సమయం, 90 నిమిషాల తర్వాతి ఈసీజీ, ఈ మూడూ ఏరియా ఆసుపత్రి నుంచి నేరుగా పోర్టల్‌లోకి చేరి, రెఫరల్ నంబరుతో జతపడాలి. కాగితం ముక్కగా రోగి బంధువు చేతిలో పెట్టి పంపితే అది 108 వాహనంలోనే మిగిలిపోతుంది, కేసు తిరస్కరణకు గురవుతుంది. కంపెనీ పరిశీలకుల్లో గుండె కేసులు చూసేవారు కార్డియాలజిస్టులై ఉండాలని కూడా ఒప్పందంలో రాయండి.

కార్డుల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ రిజిస్ట్రేషన్ దగ్గర ఎక్కువ కేసులు నిలిచేది దీనివల్లే. పెళ్లయి వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డులోనే ఉంటుంది. పుట్టి రెండు రోజులైన బిడ్డ పేరు ఏ కార్డులోనూ ఉండదు. జిల్లాలను వేర్వేరు కంపెనీలకు పంచితే, కోడలి కార్డు ఒక కంపెనీ కిందా, అత్తవారిల్లు ఇంకో కంపెనీ కిందా పడుతుంది. ఎక్కడ పేరుంటే అక్కడి కంపెనీ, చికిత్స రాష్ట్రంలో ఎక్కడైనా సరే అన్న నియమం పెట్టండి. పురిటి బిడ్డకు తల్లి కార్డే కనీసం 90 రోజులు చెల్లాలి. అనంతపురం, కర్నూలు వాళ్లు బెంగళూరుకూ, చిత్తూరు, నెల్లూరు వాళ్లు చెన్నైకీ వైద్యానికి వెళ్తుంటారు, ఆ ఆసుపత్రులు కంపెనీ జాబితాలోంచి జారిపోకుండా చూడాలి.

ఇక ప్రీమియం లెక్క. ఇది ఆర్థిక శాఖ వారికి. కుటుంబానికి ఏడాదికి 2,000 రూపాయలు ప్రీమియం అని ఉదాహరణకు అనుకుందాం. 1.63 కోట్ల కుటుంబాలకు 3,260 కోట్లు. క్లెయిములు అందులో 70 శాతమే అయితే 2,282 కోట్లు చెల్లించి కంపెనీ దగ్గర 978 కోట్లు మిగులుతాయి. కనీసం 90 శాతం క్లెయిములకే పోవాలన్న షరతు ఉంటే కంపెనీకి 326 కోట్లు మిగిలి, 652 కోట్లు ఖజానాకు వెనక్కి వస్తాయి. ఒక్క వాక్యం ఉండడానికీ లేకపోవడానికీ తేడా అది. ఇది ఊహించుకున్న ప్రమాదం కాదు. కేవలం ఆరోగ్య బీమానే చేసే ప్రైవేటు కంపెనీలు ఇటీవలి ఏళ్లలో వసూలు చేసిన ప్రీమియంలో క్లెయిములకు ఖర్చుపెట్టింది 60ల శాతంలోనే ఉంది. ప్రభుత్వ రంగ కంపెనీలది వంద దాటింది. మిగిలిన ప్రీమియం తిరిగి ఇవ్వాలన్న ఏర్పాటు ఆయుష్మాన్ భారత్ నమూనా ఒప్పందాల్లోనూ ఉంది. మన ఒప్పందంలో అంతకన్నా గట్టిది ఉండాలి.

దీనికి రెండో కొస కూడా ఉంది. టెండర్‌లో అందరికన్నా తక్కువ చెప్పినవారికి పని ఇస్తే, ఆ రేటు గిట్టుబాటు కాదు. అదే ఉదాహరణలో క్లెయిములు 115 శాతానికి వెళ్తే 489 కోట్లు లోటు. అప్పుడు కంపెనీ అనుమతులు బిగిస్తుంది, చిన్న పట్టణాల ఆసుపత్రులను జాబితాలోంచి తీసేస్తుంది, లేదా ఏడాది కాగానే తప్పుకుంటుంది. కాబట్టి మరీ తక్కువ రేటును కూడా అనుమానించాలి. ప్రీమియంలో ఎంత శాతం దాటితే నష్టం ఎవరు ఎంత పంచుకోవాలో ముందే రాసుకోవాలి. ట్రస్టు దగ్గర దశాబ్దంన్నరకు పైగా పేరుకున్న క్లెయిముల సమాచారం ఉంది. పాల్గొనే కంపెనీలన్నిటికీ అది ముందుగా, సమానంగా ఇస్తే రేటు గుడ్డిగా వేయరు. పేర్లూ ఆధార్ నంబర్లూ తీసేసి ఇవ్వాలని వేరే చెప్పనక్కర్లేదు.

బకాయిల విషయానికి వస్తే, బీమా కోరుకునేవారు చూపే పెద్ద కారణం ఇదే. 2025 అక్టోబరులో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సుమారు 2,700 కోట్లు రావాలంటూ సేవలు ఆపేశాయి. అంతకు కొన్ని వారాల ముందు తెలంగాణలోనూ అదే జరిగింది. ట్రస్టు పద్ధతిలో ఉన్న అసలు జబ్బు ఇది, దాన్ని మేం దాచడం లేదు. కానీ కంపెనీకి కట్టాల్సిన ప్రీమియం కూడా అదే ఖజానా నుంచి వాయిదాల్లో వెళ్లాలి. వాయిదా ఆలస్యమైతే కంపెనీ క్లెయిము ఆలస్యం చేస్తుంది, ఆసుపత్రి రోగిని వెనక్కి పంపుతుంది. మధ్యలో ఒక మనిషి పెరిగాడు తప్ప గొలుసు అదే. బకాయికి మందు వేరే ఖాతా. ప్రతి త్రైమాసికం మొదటి రోజున 3 నెలల క్లెయిములకు సరిపడా సొమ్ము ప్రత్యేక ఖాతాలో పడాలి, అందులోంచి క్లెయిములకు తప్ప దేనికీ తీయకూడదు. ఆయుష్మాన్ భారత్ నియమాల్లో రాష్ట్రంలోపలి క్లెయిముకు 15 రోజుల గడువు ఉంది. దాన్నే మన గడువుగా పెట్టి, దాటిన ప్రతి వారానికీ ఆసుపత్రికి వడ్డీ కట్టాలి. కంపెనీ ఆలస్యం చేస్తే కంపెనీ, ప్రభుత్వం ఆలస్యం చేస్తే ప్రభుత్వం. ఈ ఏర్పాటు చేస్తే ట్రస్టు పద్ధతిలోనే బకాయి తీరుతుందన్నది మా గట్టి అభిప్రాయం. ఏ పద్ధతి ఎంచుకున్నా ఇది తప్పదు.

పేదల జాబితాలో లేని 20 లక్షల కుటుంబాల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. వీరికి 2.5 లక్షల వరకే. వీరిలో చాలామందికి సొంత పాలసీలు ఉన్నాయి. ప్రభుత్వమే ఇస్తోంది కదా అని వాటిని వదిలేసుకునేవారు ఉంటారు. రేపు ఏ కారణంతోనైనా మళ్లీ కొనాల్సి వస్తే, అప్పటికే ఉన్న బీపీ, సుగర్, కీళ్ల జబ్బులకు 36 నెలల దాకా వేచి ఉండే గడువు కొత్తగా మొదలవుతుంది. వయసు పెరిగి ప్రీమియమూ పెరుగుతుంది. కాబట్టి పథకం ప్రకటనల్లోనే "ఉన్న పాలసీని వదులుకోకండి" అని చెప్పడం మీ బాధ్యత. ఖర్చు ఒక మొత్తం దాటాకే చెల్లించే సూపర్ టాప్‌అప్ పాలసీలు తీసుకునేవారికి ఇంకో ఇబ్బంది ఉంది. ఆ పాలసీలో ఆ మొత్తం (డిడక్టబుల్) 3 లక్షలు అయితే, మొదటి 3 లక్షల ఖర్చు జరిగినట్టు బిల్లు చూపాలి. పథకం కింద ఆసుపత్రి ఇచ్చేది ప్యాకేజీ మొత్తమే, వివరమైన బిల్లు కాదు. కోరిన ప్రతి రోగికీ గది, మందులు, ఇంప్లాంట్లు, డాక్టరు ఫీజు విడగొట్టిన తుది బిల్లు డిశ్చార్జి సమ్మరీతో పాటు ఇవ్వాలన్న నిబంధన పెడితే ఈ సమస్య తీరుతుంది.

ఇప్పుడు మా మనసుకు అన్నిటికన్నా దగ్గరి విషయం, ప్రభుత్వాసుపత్రి.

విశాఖ కేజీహెచ్‌లోనో గుంటూరు జీజీహెచ్‌లోనో రోగికి ఎటూ ఉచితంగానే చేస్తారు కాబట్టి, అన్ని కేసులకూ క్లెయిము పెట్టరు. రాత్రి రెండింటికి రోడ్డు ప్రమాదం కేసు వస్తే డాక్టరు తల ఫ్రాక్చర్ చూస్తాడా, ఆన్‌లైన్‌లో ఫోటోలు ఎక్కిస్తాడా? డేటా ఎంట్రీ ఆపరేటర్ పగటి పూటే ఉంటాడు, పథకం రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర ఒక్కరే పదుల వార్డులు తిరగాలి. ట్రస్టు పద్ధతిలో పెట్టని క్లెయిము వల్ల ఆసుపత్రి నష్టపోయినా, ఆ డబ్బు ఖజానాలోనే ఉండేది. బీమా పద్ధతిలో అలా కాదు. ఆ కుటుంబానికి ప్రీమియం ముందే కట్టేశారు. పెద్దాసుపత్రి క్లెయిము పెట్టకపోతే ఆ మిగులు కంపెనీది. డాక్టరు జీతం, మందులు, కరెంటు ప్రభుత్వానివి, ప్రీమియం కూడా ప్రభుత్వానిదే. ఒకే చికిత్సకు ప్రజల సొమ్ము రెండుసార్లు ఖర్చవుతుంది. ఒప్పందం రాసేవారు ఈ ఒక్క పేరా అయినా రెండుసార్లు చదవాలని వేడుకుంటున్నాం.

కాబట్టి ప్రతి బోధనాసుపత్రిలో, జిల్లా ఆసుపత్రిలో 24 గంటలూ నడిచే క్లెయిముల విభాగం ముందు ఏర్పడాలి, కంపెనీ తర్వాత రావాలి. ప్రతి 100 పడకలకు ఒక్కో షిఫ్టులో కనీసం ఒక ఆపరేటర్ ఉంటే పని జరుగుతుందని మా అంచనా. ప్రభుత్వాసుపత్రి క్లెయిము పెట్టడానికి 90 రోజులు గడువివ్వాలి, కాగితం ఆలస్యం ఒక్కటే కారణంగా కొట్టేయకూడదు. వచ్చిన డబ్బు జిల్లా కేంద్రంలో ఆగకుండా ఆసుపత్రి అభివృద్ధి సంఘం ఖాతాలో నెలలోగా పడాలి. ఆ డబ్బుతో సూపరింటెండెంట్ తన సంతకంతో కొనగలిగే జాబితా ముందే ఇవ్వండి: ఎముకల ప్లేట్లు, స్క్రూలు, ల్యాబ్ రీఏజెంట్లు, వెంటిలేటర్ సెన్సర్లు, సీటీ స్కాన్ వార్షిక నిర్వహణ రుసుము. పెద్దాసుపత్రి నుంచి రోగి బయటకు వెళ్లేది డాక్టర్లు లేకే కాదు. రీఏజెంట్ అయిపోయి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఆగితే, సీటీ మిషన్ ట్యూబు పోయి కొత్తది రావడానికి నెలలు పడితే, రోగిని బయట సెంటరుకు పంపాల్సిందే. అక్కడి నుంచి అతను మళ్లీ పెద్దాసుపత్రికి రాడు.

కొన్ని చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకే కేటాయించే పద్ధతి ట్రస్టు పాలనలో ఉండేది. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల లాంటివి అరికట్టడానికి అది అవసరం, దాన్ని నిలబెట్టాలి. అయితే సర్జన్ ఉండి మత్తు డాక్టరు లేని ఏరియా ఆసుపత్రిలో కేటాయింపు అంటే వాయిదా అని అర్థం. ఆసుపత్రుల వారీగా ఎవరున్నారో చూసి 3 నెలలకోసారి ఆ జాబితా సవరించాలి.

ఈ మొత్తం పథకం అడ్మిషన్ అయ్యాకే మొదలవుతుందన్నది మరచిపోకూడదు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశ ఆరోగ్య ఖర్చులో 39.4 శాతం ఇంకా జనం జేబుల నుంచే పోయింది. అందులో పెద్ద భాగం ఓపీ చీటీలు, మందులు, పరీక్షలు. 25 లక్షల కార్డు ఉన్న ఇల్లు కూడా నెలనెలా బీపీ, సుగర్ మాత్రలు కొనుక్కుంటూనే ఉంది. థాయిలాండ్ 2002లో అందరికీ వైద్యం తెచ్చినప్పుడు ఓపీకి మనిషి లెక్కన స్థానిక ఆసుపత్రికి ఏటా డబ్బు ముందే ఇచ్చింది. ఎన్ని చీటీలు రాశారన్న దానితో పని లేదు, ఆ ఊళ్లో ఎంతమంది నమోదయ్యారన్నదే లెక్క. మన విలేజ్ క్లినిక్‌లకు, పీహెచ్‌సీలకు అలాంటి స్థిరమైన నిధి కావాలి. కిడ్నీ జబ్బుతో నలిగిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూస్తే ఈ మాట ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడి డయాలసిస్‌కు ప్యాకేజీ ఉంది. ఊరూరా తిరిగి క్రియాటినిన్ పరీక్ష చేసి, మూడో దశలోనే కిడ్నీ జబ్బు పట్టుకోవడానికి ప్యాకేజీ లేదు. హిరమండలం నుంచి ఆ పల్లెలకు వచ్చే తాగునీటి పైపును ఏ బీమా కంపెనీ బాగుచేయదు. ప్రీమియంకు డబ్బు కావాలని ఈ పద్దుల్లోంచి ఒక్క రూపాయి కూడా తీయవద్దు. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి ఇవ్వాలనీ, ఆరోగ్య నిధుల్లో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికి వెళ్లాలనీ 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది.

మోసాల మీద కంపెనీలే బాగా నిఘా పెడతాయన్న వాదన ఒకటి ఉంది. 2023లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక ఆయుష్మాన్ భారత్‌లో 7.49 లక్షల మంది లబ్ధిదారులు ఒకే మొబైల్ నంబరుకు జతపడి ఉన్నారని, చనిపోయినట్టు చూపిన 3,446 మంది రోగుల చికిత్సకు 6.97 కోట్లు చెల్లించారని చూపింది. సమాచార పట్టికలో ఒక తేదీని ఇంకో తేదీతో పోల్చి ఉంటే దొరికే తప్పులవి. అలా పోల్చే పని ట్రస్టు దగ్గరే ఉండాలి, ఎందుకంటే తక్కువ చెల్లించడంలో లాభం ఉన్నవారి చేతికి నిఘా ఇస్తే అది తిరస్కరణకు సాకు అవుతుంది. ప్రతి మరణం మీదా ఆడిట్, డిశ్చార్జి అయిన 15 రోజులకు ప్రతి 20 మందిలో ఒకరికి ఫోను చేసి డబ్బు అడిగారా అని విచారణ, ఒకే ఎక్స్‌రే రెండు కేసుల్లో కనిపిస్తే కంప్యూటరే పట్టుకునే ఏర్పాటు. ఇవి చాలు మొదటి ఏడాదికి.

నెలనెలా లెక్కలు బయటపెట్టండి. ఆసుపత్రి వారీగా, కంపెనీ వారీగా ఎన్ని కేసులు పెట్టారు, ఎన్ని ఒప్పుకున్నారు, ఎన్ని ఏ కారణంతో కొట్టేశారు, ఎన్ని రోజులకు డబ్బు పడింది. సగటు ఒక్కటే ఇస్తే సరిపోదు. 97 కేసులు గంటలో తేలి, 3 కేసులు నాలుగు రోజులు ఆగినా సగటు బాగానే కనిపిస్తుంది. గడువు దాటిన కేసుల సంఖ్య విడిగా కావాలి. తిరస్కరణ కారణం రోగికి తెలుగులో, రాతపూర్వకంగా, ఏ అధికారికి అప్పీలు చేసుకోవాలో, ఎన్ని గంటల్లో జవాబు వస్తుందో చెబుతూ ఇవ్వాలి.

చివరిగా, ఒప్పందం ముగిసే రోజు. కంపెనీ మారే అర్ధరాత్రి ఐసీయూలో ఉన్న రోగికి ఎవరు కడతారు? అడ్మిషన్ తేదీన ఉన్న కంపెనీయే డిశ్చార్జి దాకా కట్టాలి. పాత కంపెనీ పెండింగ్ క్లెయిములన్నీ 90 రోజుల్లో తేల్చాలి, అంతదాకా దాని బ్యాంకు గ్యారంటీ విడుదల చేయకూడదు. కేసుల సమాచారమంతా ట్రస్టు సర్వర్‌లోనే ఉండాలి, కంపెనీ దగ్గర ఉండేది నకలు మాత్రమే. సంతకాలైన వారంలోగా ఒప్పందం పూర్తి పాఠం, జతపరచిన ప్యాకేజీ రేట్లతో సహా, తెలుగులో ట్రస్టు వెబ్‌సైటులో పెట్టండి. ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర ఒక ప్రతి ఉంచండి.

ఇట్లు,
క్లెయిముల పరిశీలన, ఆసుపత్రి నిర్వహణ, ఆరోగ్య ఆర్థిక రంగాల్లో పనిచేసేవారం